పాత పోస్టులన్నీ డిలీట్ చేయాలా? ముందు పేర్లు, తేదీలు కలుస్తున్నాయో చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో లినక్స్ సపోర్ట్‌లో 14 నెలలు చేశారు. ఎనిమిది నెలలుగా హనుమకొండలో ఇంటి దగ్గరుండి వెతుకుతున్నారు. కాలేజీ రోజుల్లో ఫేస్‌బుక్‌లో, ట్విట్టర్‌లో హీరోల ఫ్యాన్ లొల్లిలో రాసినవన్నీ అలాగే పడి ఉన్నాయి. అకౌంట్లన్నీ తీసేసి కొత్తగా మొదలుపెట్టాలా, లింక్డ్‌ఇన్‌లో ఆకుపచ్చ రింగు (ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పడానికి ఫోటో చుట్టూ వచ్చేది) పెట్టుకోవాలా, అసలు హెచ్‌ఆర్ వాళ్లు ఏం చూస్తారు?

అన్నీ తీసేయొద్దు తమ్ముడూ. హెచ్‌ఆర్ వాళ్లు కూర్చుని మీ ఐదేళ్ల పోస్టులు చదవరు, అంత తీరిక వాళ్లకు లేదు. ఒక్కో మనిషికి వాళ్లు పెట్టేది కొద్ది నిమిషాలు. ఆ కాసేపట్లో రెజ్యూమె, ఉద్యోగాల సైట్ నౌక్రీలో మీ ప్రొఫైల్, లింక్డ్‌ఇన్, ఫోన్ చేస్తే తెరమీద పడే పేరు, ఈ నాలుగూ ఒకే మనిషివి అనిపిస్తే పని ముందుకు పోతుంది. ఒక్కోచోట ఒక్కో పేరు, ఒక్కో తేదీ కనబడితే అక్కడే ఆగుతుంది. అందుకని మొదట పొంతన చూసుకోండి, పాత పోస్టుల సంగతి ఆ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నెలరోజులు పాత ఫోటోలు డిలీట్ చేస్తూ గడిపి, లింక్డ్‌ఇన్‌లో జాయినింగ్ నెల తప్పుగా ఉన్న సంగతి గమనించరు.

ముందు మిమ్మల్ని మీరే వెతుక్కోండి. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. మామూలు విండోలో మీరు లాగిన్ అయి ఉంటారు కాబట్టి బయటివాళ్లకు కనబడనివి కూడా మీకు కనబడి లెక్క తప్పుతుంది. పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి పక్కన వరంగల్ అని కొట్టండి. తర్వాత పేరు, కాలేజీ పేరు కలిపి. తర్వాత ఫోన్ నంబర్ ఒక్కటే, కొటేషన్లలో. ఆఖర్న మెయిల్ ఐడీ. నంబర్‌తో వెతకడం చాలామంది వదిలేస్తారు గానీ అసలు సరుకు బయటపడేది అక్కడే: ఎప్పుడో బైక్ అమ్మడానికి పెట్టిన ప్రకటన, కాలేజీవాళ్లు సైట్‌లో ఎక్కించిన పీడీఎఫ్ జాబితా, డాక్యుమెంట్లు పంచుకునే ఏదో సైట్‌లో అప్‌లోడ్ చేసి మరిచిపోయిన పాత రెజ్యూమె. ఆ రెజ్యూమెలోని తేదీలు ఇప్పటివాటితో కలవకపోతే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే. ఆ సైట్‌లోకి లాగిన్ అయి తీసేయండి. తీసేశాక కూడా కొన్నాళ్లు గూగుల్‌లో పేరు వస్తూనే ఉంటుంది, ఎందుకంటే గూగుల్ చూపించేది అంతకుముందు తను వచ్చి చదివిపోయిన కాపీని బట్టి. గూగుల్‌లోనే ‘రిఫ్రెష్ అవుట్‌డేటెడ్ కంటెంట్’ అనే పేజీ ఉంది, ఆ లింకు అక్కడ ఇస్తే తొందరగా పోతుంది. అసలు సైట్‌లో తీయకుండా ముందే అక్కడ ఇస్తే మాత్రం పని కాదు.

ఇక పేరు. మన దగ్గర పెద్ద చిక్కు ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాన్‌లో చివరికి పోతుంది, ఆధార్‌లో ఒక అక్షరం తేడా, ఫేస్‌బుక్‌లో ‘చిన్నా’, లింక్డ్‌ఇన్‌లో ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం. ‘కె. రాజేష్’ అని కొడితే పేజీలకు పేజీలు వస్తాయి, అందులో మీరెవరో ఎవరికీ తెలియదు. ఇంటిపేరు పూర్తిగా రాయండి. స్పెల్లింగ్‌కు పదో తరగతి మెమోను మూలంగా పెట్టుకోండి, ఇంటర్, డిగ్రీ పత్రాలు దాన్నిబట్టే వచ్చి ఉంటాయి. పేరు ముందు, ఇంటిపేరు తర్వాత, ఇదే వరస రెజ్యూమెలో, లింక్డ్‌ఇన్‌లో, నౌక్రీలో, మెయిల్‌లో పంపినవారి పేరు దగ్గర ఉంచండి. న్యూమరాలజీ కోసం కలిపిన అదనపు అక్షరాన్ని ఇన్‌స్టాలో ఉంచుకోండి, ఇక్కడ వద్దు. ఆధార్‌కూ మెమోకూ తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించే పని మొదలుపెట్టండి. ఆఫర్ వచ్చాక మీ-సేవ చుట్టూ, ఆధార్ సెంటర్ చుట్టూ తిరగడానికి టైమ్ ఇవ్వరు.

లింక్డ్‌ఇన్ ఇచ్చే లింకులో పేరు వెనక అంకెలు, అక్షరాలు తోకలాగా ఉంటాయి. ప్రొఫైల్ పేజీలో ‘పబ్లిక్ ప్రొఫైల్ అండ్ యూఆర్‌ఎల్’ పక్కనున్న పెన్ను గుర్తు నొక్కితే దాన్ని మార్చుకోవచ్చు. రెజ్యూమెలో లింకు పెట్టకముందే మార్చండి, తర్వాత మారిస్తే అప్పటికే పంపిన రెజ్యూమెల్లోని పాత లింకు పనిచేయకపోవచ్చు.

ఊరి పేరు దగ్గర కూడా ఒక తిరకాసు ఉంది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ జిల్లా అయింది. హనుమకొండ, హన్మకొండ, హనమకొండ అని ఇంగ్లిష్‌లో మూడు రకాలుగా రాస్తారు. బెంగళూరులో కూర్చున్న రిక్రూటర్ వెతికేది మాత్రం వరంగల్ అనే మాటతోనే. ప్రొఫైల్‌లో వరంగల్ పెట్టండి. హైదరాబాద్ కాల్స్ కోసం ప్రస్తుత లొకేషన్ హైదరాబాద్ అని అబద్ధం రాయొద్దు. ‘రేపు పదింటికి గచ్చిబౌలి రాగలరా’ అని అడిగితే కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కాల్సింది మీరే. దానికి వేరే దారుంది, కిందకి వస్తే చెప్తాను.

ఫోన్ నంబర్ సంగతి. మీరు కాల్ చేస్తే హెచ్‌ఆర్ ఫోన్‌లో ట్రూకాలర్ ఏ పేరు చూపిస్తుందో ఎప్పుడైనా చూశారా? మీరు అందులో చేరకపోయినా, మీ నంబర్‌ను ఎవరెవరు ఏ పేరుతో సేవ్ చేసుకున్నారో దాన్నుంచి ఆ పేరు వస్తుంది. ‘చిన్నా సెల్ పాయింట్’ కావచ్చు, ‘బావ ఫ్రెండ్’ కావచ్చు. కొత్తగా తీసుకున్న సిమ్ అయితే అంతకుముందు ఆ నంబర్ వాడినవాళ్ల పేరు ఇంకా ఉండొచ్చు, ఎందుకంటే కంపెనీలు ఆగిపోయిన నంబర్లను మళ్లీ అమ్ముతాయి. స్నేహితుడి ఫోన్‌లో చెక్ చేయండి. తప్పుంటే ట్రూకాలర్‌లో మీ నంబర్‌తో చేరి అసలు పేరు పెట్టుకోవడం సులువైన పద్ధతి. వాట్సాప్‌లో డీపీ, అబౌట్ రెండూ చూసుకోండి. దేవుడి ఫోటో ఉంటే తప్పేం లేదు గానీ, ఇంటర్వ్యూ లింకు పంపేవాళ్లకు మీ ముఖం తెలిస్తే మంచిది. ‘సింగిల్ సింహం’ లాంటి అబౌట్ ఎనిమిదేళ్ల కిందట పెట్టి మరిచిపోయి ఉంటారు, తీసేయండి. ప్రైవసీలో ప్రొఫైల్ ఫోటో ‘మై కాంటాక్ట్స్’ అని ఉంటే హెచ్‌ఆర్‌కు బూడిదరంగు బొమ్మే కనబడుతుంది. అలా ఉన్నా ఫరవాలేదు. అన్నట్టు, కాలర్ ట్యూన్ కూడా. ఐటం సాంగ్ అయితే ఈ కొన్ని నెలలు ఆపేయండి.

మెయిల్ ఐడీ గురించి అందరికీ తెలుసు, 143లూ హీరో పేర్లూ వద్దని. తెలియంది ఇంకొకటి. జీమెయిల్‌లో చుక్కలకు విలువ లేదు. పేరు, చుక్క, ఇంటిపేరు అన్నా, చుక్క లేకుండా రాసినా ఒకటే అకౌంట్. మీ పేరు ఇంకెవరో తీసుకుని ఉంటే చుక్క కలిపి కొత్తది చేద్దామంటే కుదరదు. ఇంటిపేరు ముందు పెట్టో, ఒక చిన్న అంకె కలిపో చేసుకోండి. పుట్టిన సంవత్సరం మాత్రం కలపొద్దు. అలాగే ఐడీ బాగానే ఉన్నా పంపినవారి పేరు దగ్గర ‘బన్నీ బన్నీ’ అని వస్తుంటుంది, ఫోన్ కొన్న రోజు కొట్టిన పేరు అది. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్, అకౌంట్స్, ‘సెండ్ మెయిల్ యాజ్’ దగ్గర మార్చుకోవచ్చు. మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని చూడండి.

తేదీలు. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఆఫర్లు వెనక్కి పోయేది ఎక్కువగా ఈ దగ్గరే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో, అంటే మీరు చెప్పినవి నిజమేనా అని కంపెనీ చేయించే తనిఖీలో, మీ యూఏఎన్ (కంపెనీలు మారినా మారని పీఎఫ్ నంబర్) కింద పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తారు. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ ఉంటాయి. లింక్డ్‌ఇన్‌లో జనవరి అని, రెజ్యూమెలో మార్చి అని, పీఎఫ్‌లో ఏప్రిల్ అని ఉంటే మీరు కావాలని కలిపారని అనుకుంటారు. నిజానికి మొదటి మూడు నెలలు ట్రైనింగ్‌లో ఉండి పీఎఫ్ కట్టి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ట్రైనీగా ఉన్న నెలలను లింక్డ్‌ఇన్‌లో విడిగా చూపించండి, ఒకే కంపెనీ కింద రెండు హోదాలు పెట్టుకోవచ్చు. ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్, పీఎఫ్ హిస్టరీ పక్కపక్కన పెట్టుకుని నెలలు సరిచూసి, రిలీవింగ్ లెటర్‌లో ఉన్న హోదానే రాయండి. లెటర్‌లో ‘అసోసియేట్’ అని ఉంటే లింక్డ్‌ఇన్‌లో ‘సీనియర్ ఇంజనీర్’ అవ్వకూడదు.

ఇంకో మెలిక. మీరు ఎనిమిది నెలల కిందట మానేశారు, మీ పాత కంపెనీ పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ వేసిందా? వేయకపోతే రికార్డు ప్రకారం మీరు ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు ఉంటుంది. యూఏఎన్ పోర్టల్‌లో ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’ అని ఉంది. చివరి పీఎఫ్ జమ అయ్యాక రెండు నెలలు దాటితే ఆధార్‌తో లింక్ అయిన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. ఈ వారమే చూసుకోండి.

ఆ ఎనిమిది నెలల గ్యాప్‌ను కప్పిపుచ్చడానికి మానేసిన తేదీని ఆ తర్వాతి నెలలకు జరపొద్దు. అమీర్‌పేటలో ఎవరో ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తామంటే అసలు వెళ్లొద్దు. ఆ లెటర్‌కు వెనక పీఎఫ్ ఉండదు, ఉన్నా ఆ కంపెనీ పేరు వెరిఫికేషన్ ఏజెన్సీల దగ్గర ముందే నమోదై ఉండే అవకాశం ఎక్కువ. లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి ‘కెరీర్ బ్రేక్’ అని విడిగా పెట్టుకునే వీలుంది. అందులో కారణం ఎంచుకుని, ఈ నెలల్లో ఏం నేర్చుకున్నారో రెండు లైన్లు రాయండి. గ్యాప్ ఉన్నందుకు కాదు, గ్యాప్ గురించి రెండు రకాలుగా చెప్పినందుకే ఎక్కువగా అనుమానపడతారు.

చదువు దగ్గర మన వరంగల్‌కే ప్రత్యేకమైన పొరపాటు ఒకటుంది. నిట్ వరంగల్‌లో రెండు రోజుల వర్క్‌షాప్‌కో, అక్కడి టెక్ ఫెస్ట్ టెక్నోజియాన్‌కో వెళ్లినవాళ్లు లింక్డ్‌ఇన్ ‘ఎడ్యుకేషన్’ కింద నిట్ వరంగల్ అని పెట్టేస్తారు. ప్రొఫైల్ పైన ఆ కాలేజీ లోగో వస్తుంది, బాగానే కనబడుతుంది. రిక్రూటర్ నిట్ విద్యార్థి అనుకుని కాల్ చేస్తారు, రెండో ప్రశ్నకే విషయం తేలిపోతుంది. ఇక మీరు చెప్పే తక్కినవేవీ నమ్మరు. వర్క్‌షాప్‌లు ‘సర్టిఫికేషన్స్’ కింద పెట్టండి, అవీ ఉద్యోగానికి సంబంధం ఉన్నవి రెండు మూడు చాలు. కాలేజీ పేరు, దానికి యూనివర్సిటీ కాకతీయనా జేఎన్‌టీయూహెచ్‌నా అన్నది సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయండి.

పేర్లు, తేదీలు కలిశాక లింక్డ్‌ఇన్ రాత మొదలుపెట్టండి. హెడ్‌లైన్‌కు 220 అక్షరాల దాకా చోటుంటుంది, అయితే ఫోన్‌లో వెతుకులాట ఫలితాల్లో మొదటి కొన్ని మాటలే కనబడతాయి. ‘యాస్పైరింగ్’, ‘ప్యాషనేట్’, ‘సీకింగ్ ఆపర్చునిటీస్’ లాంటి మాటలతో మొదలుపెడితే ఆ చోటంతా వృథా. ఆ మాటలు కొట్టి మనుషుల కోసం ఎవరూ వెతకరు. మీ విషయంలో అయితే ఇంగ్లిష్‌లో ఇలా ఉండాలి: లినక్స్ సపోర్ట్ ఇంజనీర్, తర్వాత రెడ్‌హ్యాట్, షెల్ స్క్రిప్టింగ్, ఎస్‌క్యూఎల్, టికెటింగ్‌కు (వచ్చిన సమస్యలను నమోదు చేసి చూడటానికి) ఏం వాడారో ఆ టూల్ పేరు, చివర 14 నెలల అనుభవం. ‘అబౌట్’కు 2,600 అక్షరాలు ఇస్తారు, అంత నింపాల్సిన పని లేదు. ‘సీ మోర్’ నొక్కకముందు కనబడే మొదటి రెండు మూడు లైన్లలోనే మీరు ఏ పని చేశారు, ఎంత కాలం, ఏం వెతుకుతున్నారు అన్నది వచ్చేయాలి. రోజుకు ఎన్ని టికెట్లు చూశారు, ఎన్ని సర్వర్లు మీ చేతిలో ఉండేవి, ఏ షిఫ్ట్ అన్నవి అంకెల్లో రాయండి. పాత కంపెనీ క్లయింట్ పేరు రాయొద్దు, ‘ఒక ప్రైవేట్ బ్యాంకు’ అంటే చాలు. డాష్‌బోర్డు స్క్రీన్‌షాట్లు అసలే వద్దు. మీరు సంతకం పెట్టిన కాగితాల్లో రహస్యం గురించి ఒక పేరా ఉండే ఉంటుంది.

మార్పులు చేసే ముందు ‘నోటిఫై నెట్‌వర్క్’ ఆఫ్ చేసుకోండి. లేకపోతే పాత హోదాను సరిచేసినా కొత్త ఉద్యోగం వచ్చిందనుకుని అందరూ శుభాకాంక్షలు చెప్తారు, వాళ్లకు వివరించలేక చస్తారు.

ఫోటోకు స్టూడియోకు పోనక్కర్లేదు. పొద్దున కిటికీకి ఎదురుగా నిలబడండి, వెనక ఖాళీ గోడ ఉండాలి. ఇంకొకరితో ఫోన్ వెనక కెమెరాతో, సుమారు ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి తీయించండి. సెల్ఫీ దగ్గర్నుంచి తీయడం వల్ల ముక్కు పెద్దగా వస్తుంది. బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి, పోర్ట్రెయిట్ మోడ్ చెవులను కత్తిరిస్తే అదీ ఆపేయండి. ముఖం చట్రంలో సగం కన్నా కాస్త ఎక్కువ చోటు నింపాలి. పెళ్లి ఫోటోలోంచి కత్తిరిస్తే పక్కవాళ్ల భుజం ఎప్పుడూ మిగిలిపోతుంది.

లింక్డ్‌ఇన్‌లో ఎవరూ పట్టించుకోని చోటు ‘యాక్టివిటీ’. మీ ప్రొఫైల్ తెరిచినవాళ్లు అందులో ‘కామెంట్స్’ నొక్కితే మీరు రాసినవన్నీ వరసగా వస్తాయి. ఎనిమిది నెలలుగా వెతుకుతున్నవాళ్ల దగ్గర సాధారణంగా కనబడేది ఇదీ: ‘ఇంట్రెస్టెడ్’, ‘ఇంట్రెస్టెడ్ సార్’, ‘ప్లీజ్ చెక్ డీఎం’, నలభై సార్లు. జావాకూ ఇంట్రెస్టెడే, సేల్స్‌కూ ఇంట్రెస్టెడే, దుబాయ్ స్టోర్‌కీపర్‌కూ ఇంట్రెస్టెడే. ఆ పోస్టుల్లో చాలావరకు ఫాలోవర్ల కోసం పెట్టినవి. కూర్చుని ఒక గంటలో అవన్నీ డిలీట్ చేయండి. ఇకమీదట కంపెనీ సైట్‌లో అప్లై చేసి, ఆ పోస్టు పెట్టినవాళ్లకు విడిగా రాయండి.

ఆ రాయడం ఎలాగంటే, జాబ్ ఐడీ, మీకు సరిపోయే రెండు విషయాలు, ఎప్పుడు చేరగలరు. అంతే. ‘జాబ్ ఐడీ ఫలానా, లినక్స్ సపోర్ట్ పోస్టుకు మీ సైట్‌లో నిన్న అప్లై చేశాను. 14 నెలలు రెడ్‌హ్యాట్ సర్వర్లు నైట్ షిఫ్ట్‌లో చూశాను, లాగ్ క్లీనప్‌కు షెల్ స్క్రిప్టులు రాశాను. వెంటనే చేరగలను, హైదరాబాద్ రావడానికి సిద్ధం.’ దీన్ని ఇంగ్లిష్‌లో పంపండి. ‘రెస్పెక్టెడ్ సార్, ప్లీజ్ రిఫర్ మీ’ అని పంపితే అవతలివాళ్లు ఏ పోస్టుకు రిఫర్ చేయాలో వాళ్లే వెతుక్కోవాలి, ఎవరూ వెతకరు. రాత్రి పదింటికి వాట్సాప్ చేయొద్దు. వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అక్కడితో వదిలేయండి.

పోస్టులు పెట్టాలా అంటే, పదిహేను రోజులకు ఒకటి చాలు, లేకపోయినా నష్టం లేదు. ఏఐతో రాయించిన ‘థ్రిల్డ్ టు అనౌన్స్’ రకం పోస్టులకన్నా ఖాళీగా ఉండటం నయం. మీ పనిలోంచి చిన్న ముక్క రాయండి. ఉదాహరణకు: సర్వర్‌లో డిస్క్ నిండింది, పెద్ద లాగ్ ఫైల్ డిలీట్ చేశారు, అయినా ఖాళీ రాలేదు. ఎందుకు? ఆ ఫైల్‌ను ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఇంకా తెరిచి పట్టుకుని ఉంది. ఫైల్ పేరు పోయింది గానీ ఆ ప్రాసెస్ వదిలేదాకా చోటు ఖాళీ కాదు. ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో ఏ ప్రాసెస్ పట్టుకుందో చూసి, దాన్ని రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది. ఈసారి డిలీట్ చేయకుండా ఫైల్‌ను లోపల ఖాళీ చేస్తే ఈ తలనొప్పే ఉండదు. ఇదే నాలుగు వాక్యాల్లో రాస్తే, చదివిన టీమ్ లీడ్‌కు మీరు నిజంగా సర్వర్ ముందు కూర్చున్నారని తెలుస్తుంది. అదే ముక్క ఇంటర్వ్యూలో మాట్లాడటానికి కూడా పనికొస్తుంది.

కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో అకౌంట్ ఉంటే ఆరు రిపాజిటరీలు (ప్రాజెక్టు ఫోల్డర్లు) పైన పిన్ చేయొచ్చు. ఆరు లేకపోతే రెండే చేయండి. కొనుక్కున్న ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును తీసేయండి, అదే ప్రాజెక్టు అదే అక్షరదోషాలతో ఇంకా పదిమంది దగ్గర ఉంటుంది. పాస్‌వర్డులు, యాక్సెస్ కీలు ఉన్న ఫైళ్లు పొరపాటున ఎక్కి ఉంటే ఆ ఫైల్ తీస్తే సరిపోదు, హిస్టరీలో ఉండిపోతుంది. ఆ కీనే రద్దు చేయండి.

ఇప్పుడు మీరు భయపడుతున్న పాత పోస్టులు. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో ‘లిమిట్ పాస్ట్ పోస్ట్స్’ అని ఉంది. ఒక్క నొక్కుతో ఇంతకుముందు పబ్లిక్‌గా ఉన్నవన్నీ ఫ్రెండ్స్‌కు మాత్రమే అవుతాయి. మళ్లీ వెనక్కి ఒకేసారి మార్చలేరు, ఒక్కోటి విడిగా మార్చుకోవాలి. అది తెలిసే చేయండి. పూర్తిగా తీయాలనుకున్నవి యాక్టివిటీ లాగ్‌లో సంవత్సరంవారీగా ఎంచుకుని ట్రాష్‌లో వేయండి, 30 రోజుల తర్వాత పోతాయి. ఆ లోపు మనసు మారితే తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ‘వ్యూ యాజ్’తో బయటివాళ్లకు ఏం కనబడుతుందో చూడండి.

ఒక విషయం ఎక్కువమందికి తట్టదు. న్యూస్ ఛానెల్ పేజీల కింద, నాయకుల పేజీల కింద, సినిమా పేజీల కింద మీరు పెట్టిన కామెంట్లకు మీ ప్రైవసీ సెట్టింగ్ వర్తించదు. కామెంట్ ఎవరికి కనబడాలన్నది ఆ పోస్టు ఎవరిదో దాన్నిబట్టి ఉంటుంది, పేజీ పబ్లిక్ అయితే మీ కామెంటూ పబ్లిక్. ప్రొఫైల్‌కు తాళం వేసి కూర్చున్నా అవి అక్కడే ఉంటాయి. యాక్టివిటీ లాగ్‌లో కామెంట్లు విడిగా వస్తాయి, అక్కడినుంచి ఏరి తీయాలి. తీయాల్సినవి ఏవంటే, కులం మీద, మతం మీద, ఆడవాళ్ల మీద అన్న మాటలు, బూతులు, బెదిరింపులు, పాత కంపెనీనీ మేనేజర్నీ తిట్టినవి. దసరా దావత్‌లో సీసాలు వరసగా పెట్టి తీసిన ఫోటో ఫ్రెండ్స్‌కే ఉంచుకోండి. బతుకమ్మ ఫోటో, మేడారంలో నిలువెత్తు బంగారం (బెల్లం) తూగిన ఫోటో, క్రికెట్ గెలిచినప్పటి అరుపులు ఉండనివ్వండి. మనిషన్నాక ఏదో ఒకటి ఉంటుంది. మొత్తం తుడిచేసిన ప్రొఫైల్ చూస్తే ఫేక్ అకౌంటేమో అనిపిస్తుంది. రాజకీయ అభిప్రాయం ఉండటం నేరం కాదు, దాన్ని ఏ భాషలో చెప్పారన్నదే చూసుకోండి.

ట్విట్టర్‌లో, అదే ఇప్పటి ఎక్స్‌లో, ఒకేసారి అన్నీ తీసే ఏర్పాటు యాప్‌లో లేదు. సెర్చ్‌లో ఇంగ్లిష్‌లో ఫ్రమ్, కోలన్, మీ యూజర్‌నేమ్, దాని పక్కన ఆ రోజుల్లో వాడిన తిట్టు పదం కొట్టి ఒక్కోటి పట్టుకోండి. గంటన్నర పని. వేలల్లో ఉంటే, ‘ప్రొటెక్ట్ యువర్ పోస్ట్స్’ పెట్టి యూజర్‌నేమ్ మార్చేయడం ఆచరణలో సులువు. డిలీట్ చేసిపెట్టే బయటి యాప్ వాడితే, పని అయ్యాక దానికిచ్చిన అనుమతి రద్దు చేయడం మరవొద్దు. మీరు కొట్టిన లైకులు 2024 జూన్ నుంచి ఇతరులకు కనబడటం లేదు, వాటి గురించి దిగులు పడకండి.

గూగుల్ మ్యాప్స్ రివ్యూలు కూడా ఒకసారి చూడండి. మామూలుగా మీ గూగుల్ అకౌంట్ పేరు మీదే ఉంటాయి, ఆ పేరు నొక్కితే ఇతర రివ్యూలూ వస్తాయి. కోపంలో పాత ఆఫీసుకు ఒక్క స్టార్ ఇచ్చి రాసిన నాలుగు లైన్లు అక్కడ దొరుకుతాయి.

ఆకుపచ్చ రింగు గురించి. లింక్డ్‌ఇన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ రెండు రకాలు: అందరికీ కనబడేది, దానికే రింగు వస్తుంది; రిక్రూటర్లకు మాత్రమే కనబడేది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు రెండోది పెట్టుకోవాలి, అయినా సొంత కంపెనీ వాళ్లకు కనబడదని లింక్డ్‌ఇన్ పూర్తి హామీ ఇవ్వదు. మీకు ఆ భయం లేదు. రింగు పెడితే చులకనగా చూస్తారన్న మాట నేను పెద్దగా నమ్మను, కానీ రింగు చూసి ముందుగా వచ్చేది మోసగాళ్లే. నా సలహా: ప్రొఫైల్ మొత్తం సరయ్యాక మొదట రిక్రూటర్లకు మాత్రమే పెట్టండి, మూడు వారాల్లో కదలిక లేకపోతే అందరికీ తెరవండి. పైన వదిలేసిన లొకేషన్ సంగతి ఇక్కడ తీరుతుంది. ఉద్యోగం ఎక్కడ కావాలన్న చోట హైదరాబాద్ కలపండి, వరంగల్ కూడా ఉంచండి. మడికొండ ఐటీ పార్కులో, కరీంనగర్ ఐటీ టవర్‌లో ఉన్న కంపెనీలు దగ్గర్లో ఉండేవాళ్లనే చూస్తాయి.

నౌక్రీలో రిక్రూటర్లు ‘ఇన్ని రోజుల్లో యాక్టివ్’ అన్న ఫిల్టర్ పెట్టుకుని వెతుకుతారు. కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి లాగిన్ అయి హెడ్‌లైన్‌లో ఒక మాట మార్చి సేవ్ చేయండి. నోటీస్ పీరియడ్ దగ్గర వెంటనే చేరగలరన్నది కనబడాలి, మీకున్న బలం అదే. రెజ్యూమె 2 ఎంబీ దాటకూడదు.

రెజ్యూమె ఫైల్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. జిరాక్స్ సెంటర్లో టైప్ చేయించిన ఫైల్ అయితే వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో తెరవండి. ‘ఆథర్’ దగ్గర ఆ సెంటర్ పేరో, ‘అడ్మిన్’ అనో, మీకంటే ముందు టైప్ చేయించుకున్న ఇంకో అబ్బాయి పేరో ఉంటుంది. పీడీఎఫ్ చేసినా ఆ పేరు వెంటే వస్తుంది. అక్కడ మీ పేరు పెట్టండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, కులం, మతం, ఇంటి నంబర్, ‘ఐ హియర్‌బై డిక్లేర్’, ఇవన్నీ బయోడేటా కాలం నాటివి, తీసేయండి. రెండు కాలమ్‌ల డిజైన్ రెజ్యూమెలో అందంగా ఉంటుంది, కంపెనీ సాఫ్ట్‌వేర్ చదివేటప్పుడు కలగాపులగం అవుతుంది. పరీక్ష సులువు: పీడీఎఫ్‌లో అంతా సెలెక్ట్ చేసి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ వరస తప్పితే ఆ సాఫ్ట్‌వేర్‌కూ తప్పే అవకాశం ఎక్కువ. ఫైల్ పేరు మీ పేరు, పోస్టు పేరు. ‘రెజ్యూమె న్యూ ఫైనల్ 2’ వద్దు.

మీ నంబర్ ఇన్నిచోట్ల తెరిచి పెట్టాక మోసం కాల్స్ తప్పవు, పైలంగా ఉండండి. రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఛార్జీ అని ఎవరడిగినా అది ఉద్యోగం కాదు. పెద్ద కంపెనీ పేరు చెప్పి జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ వస్తే, ఆ కంపెనీ సైట్‌లో ఉన్న నంబర్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. టెలిగ్రామ్ జాబ్ గ్రూపుల్లో ఉంటే ప్రైవసీలో ఫోన్ నంబర్ ‘నోబడీ’ అని పెట్టండి. ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అదీ ఆఫర్ దశలోనే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బును దారిలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇంటర్వ్యూలో పాత పోస్టు గురించి ఎవరైనా అడిగితే అకౌంట్ హ్యాక్ అయిందని చెప్పొద్దు. ఆ మాట రోజూ వినేవాళ్లే వాళ్లంతా. ‘కాలేజీలో రాశాను, రాయకుండా ఉండాల్సింది, తీసేశాను’ అని ఆగిపోండి.

ఆఫర్ వచ్చాక లెటర్ ఫోటో ఎక్కడా పెట్టకండి, అందులో జీతం, ఎంప్లాయీ నంబర్, మీ అడ్రస్ ఉంటాయి. చేరిన మొదటి రోజు ఐడీ కార్డు మెడలో వేసుకుని సెల్ఫీ తీసుకుంటే కార్డును తిప్పి పట్టుకోండి, బార్‌కోడ్ కనబడకుండా. అదే రోజు ‘ఓపెన్ టు వర్క్’ ఆపేసి, నౌక్రీలో ప్రొఫైల్‌ను దాచేయండి. కొత్త మేనేజర్ తన టీమ్‌కు ఇంకో మనిషి కోసం నౌక్రీలో వెతుకుతుంటే అందులో మీరే పైన కనబడకూడదు.